దిద్దిన ఫ్యాట్ రీడింగ్ మళ్లీ పాతదే చూపిస్తోంది (కసాండ్రా, 6 నోడ్‌లు, ఎర్రర్ ఒక్కటీ లేదు)

పాలకేంద్రం_ఆప్స్ | 11 జూలై 2024, మధ్యాహ్నం 1.32

అందరికీ నమస్కారం. పొద్దున 8 నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎవరైనా కాస్త దారి చూపించండి.

మాది పాల సేకరణ సాఫ్ట్‌వేర్. ఊళ్లలో కేంద్రం దగ్గర రైతు పాలు పోయగానే లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగతా ఘనపదార్థాలు) ఎక్కిస్తారు. తప్పు పడితే ఆపరేటరే దిద్దుకోవచ్చు. ఇవాళ ఒక కేంద్రంలో గేదెపాలకు 6.3 కొట్టబోయి 3.6 కొట్టారు. వెంటనే దిద్దారు. 'సేవ్ అయింది' అని వచ్చింది. రిఫ్రెష్ చేస్తే మళ్లీ 3.6. మూడుసార్లు దిద్దితే మూడుసార్లూ అదే తంతు. ఆ రైతు క్యాన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడట, నా డబ్బుల సంగతి తేల్చమని.

వెనక కసాండ్రా డేటాబేస్. ఆరు నోడ్‌లు (డేటా దాచే సర్వర్లు), రెప్లికేషన్ 3 (ప్రతి ఎంట్రీకి మూడు కాపీలు), రాయడానికీ చదవడానికీ కోరమ్ (మూడింట రెండు కాపీలు సరే అనాలి). ముందు నాలుగు యాప్ సర్వర్లు, వాటి ముందు పనిని వాటికి పంచే లోడ్ బ్యాలన్సర్. లాగుల్లో ఎర్రర్ లేదు. కొత్త కోడ్ ఏదీ వేయలేదు.

రెండు వింతలు. ఒకటి, అన్ని దిద్దుబాట్లూ పోవట్లేదు, నూటికి ఇరవై దాకా పోతున్నాయి. రెండోది, పొద్దున 6కి ఎక్కించిన ఎంట్రీని 8కి దిద్దితే అతుక్కోలేదు, అదే ఎంట్రీని 12కి దిద్దితే అతుక్కుంది. నాకైతే దయ్యం పట్టినట్టుంది.

కుతూహలం_కుర్రాడు | 1.41

అన్నా, మధ్యలో రెడిస్ లాంటి క్యాష్ ఏమైనా ఉందా? మాకు ఒకసారి ఇలాగే అయింది.

పాలకేంద్రం_ఆప్స్ | 1.44

లేదు తమ్ముడూ. నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి సెలెక్ట్ కొట్టినా 3.6 వస్తోంది.

చిన్నక్క_డీబీఏ | 1.58

రాయడం, చదవడం రెండూ కోరమ్ అంటున్నారు కాబట్టి పాత రెప్లికా నుంచి చదివారు అనడానికి లేదు. కసాండ్రాలో రాత 'సక్సెస్' అయి కూడా కనిపించలేదంటే నా అనుమానం ముందు టైమ్ మీదకే పోతుంది. రెండు పనులు చేయండి.

ఆరు నోడ్‌లలోనూ గడియారాన్ని సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్ కమాండ్ 'క్రోనీసీ ట్రాకింగ్' కొట్టి 'సిస్టమ్ టైమ్' వరుస చూడండి. తర్వాత యాప్ నుంచి ఒక టెస్ట్ ఎంట్రీ వేసి, దాన్ని దిద్ది, అతుక్కోకపోతే ఆ కాలమ్ మీద రైట్‌టైమ్ (రాత మీద పడిన టైమ్‌స్టాంప్ చూపే) ఫంక్షన్ కొట్టండి. వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి.

పాలకేంద్రం_ఆప్స్ | 2.21

మేడమ్, ఆరింటిలోనూ తేడా ఒక మిల్లీసెకన్ కూడా లేదు. టైమ్ సమస్య కాదు.

2.10కి టెస్ట్ ఎంట్రీ వేశాను. నాలుగో ప్రయత్నానికి అతుక్కోనిది దొరికింది. రైట్‌టైమ్ 1720707012447310.

టూంబ్‌స్టోన్_తాత | 2.26

టైమ్ సమస్య కాదని అప్పుడే తేల్చేయకండి.

ఆ అంకె మైక్రోసెకన్లలో ఉంటుంది. చివరి ఆరంకెలు తీసేస్తే 1720707012 (1970 మొదటి నుంచి లెక్కించిన సెకన్లు). అంటే ఇవాళ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) ప్రకారం 14:10:12. మన టైమ్‌లో రాత్రి 7.40. మీరేమో మధ్యాహ్నం 2.10కి వేశానంటున్నారు. ఇంకా రాని రాత్రి 7.40కి ఆ ఎంట్రీ పడినట్టు లెక్క.

తేడా సరిగ్గా 19800 సెకన్లు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, 19800 కనిపిస్తే ఇంక వేరే చోట వెతకను. అయిదున్నర గంటలు. ఎవరో ఎక్కడో మన టైమ్‌ని యూటీసీ అనుకుని వేశారు.

కుర్రాళ్ల కోసం కొంచెం విడమరిచి చెబుతా. ఒకే గడికి రెండు విలువలు వస్తే ఏది ముందు చేరింది, ఏది తర్వాత చేరింది అని కసాండ్రా చూడదు. దేని మీద ఎక్కువ టైమ్‌స్టాంప్ ఉంటే అదే నిలుస్తుంది. కరణం దగ్గరికి రెండు చీటీలు వెళ్తే, చేతికందిన వరుసను వదిలేసి చీటీ మీద రాసిన తేదీ చూసి పుస్తకంలో ఎక్కించినట్టు. మీ టెస్ట్ ఎంట్రీలో 3.6 వేసి 6.3గా దిద్దారనుకోండి. 3.6 చీటీ మీద రాత్రి 7.40 అని ఉంది. 6.3 చీటీ మీద మధ్యాహ్నం 2.12 అని ఉంది. 3.6 గెలుస్తుంది. రాత్రి 7.40 దాటాక దిద్దితే 6.3 గెలుస్తుంది. పొద్దున 6 ఎంట్రీ 8కి అతుక్కోక, 12కి అతుక్కున్నది ఇందుకే. 6కి అయిదున్నర కలిపితే 11.30.

ఇక చీటీ మీద తేదీ వేసేది ఎవరు? మీ డేటాబేస్ నోడ్‌లు కాదు. కసాండ్రా 2.1తో వచ్చిన మూడో ప్రోటోకాల్ నుంచి డ్రైవరే (యాప్‌ని కసాండ్రాకు కలిపే లైబ్రరీ) వేసి పంపగలదు, జావా డ్రైవర్‌లో ఇప్పుడు అదే డిఫాల్ట్. అంటే యాప్ సర్వర్ గడియారం. మీరు ఆరు నోడ్‌లు చూశారు. చూడాల్సింది ముందున్న ఆ నాలుగు.

రాత్రి_డ్యూటీ | 2.31

తాతగారి మాటకు లెక్క కూడా కుదురుతోంది. నాలుగు సర్వర్లలో ఒకటి ముందుకు పోయిందనుకోండి. ఎంట్రీ దాని మీద పడే అవకాశం నాలుగింట ఒకటి. దిద్దుబాటు మిగతా మూడింటి మీద పడితేనే పోతుంది, అది నాలుగింట మూడు. రెండూ గుణిస్తే పదహారింట మూడు, అంటే నూటికి 19. ఆయన నూటికి ఇరవై అన్నారు. సర్వర్ ఒక్కటే చెడింది.

పాలకేంద్రం_ఆప్స్ | 2.35

దొరికింది! కానీ ఒకటి కాదు, మూడు చెడ్డాయి!

నాలుగింటిలోనూ డేట్ కమాండ్ కొట్టాను. 3వ సర్వర్ ఒక్కటే కరెక్టుగా 14:32 చూపించింది, నా చేతి గడియారం కూడా 2.32. మిగతా మూడూ 09:02 చూపిస్తున్నాయి, అయిదున్నర గంటలు వెనక. ఆ మూడింటినీ ముందుకు జరిపేస్తున్నాను.

టూంబ్‌స్టోన్_తాత | 2.36

జరపకండి!! కీబోర్డ్ మీంచి చేతులు తీయండి బాబూ.

ఆ వరుస చివర ఏం రాసుందో చదవండి.

పాలకేంద్రం_ఆప్స్ | 2.39

యూటీసీ అని ఉంది. నాలుగింటిలోనూ.

అయ్యో. యూటీసీ ప్రకారం ఇప్పుడు 9 గంటలే కదా. ఆ మూడే కరెక్టు.

నా గడియారంతో కలిసిందని 3వది మంచిదనుకున్నాను. ఒక్క నిమిషంలో నాలుగింటినీ పాడుచేసేవాణ్ని. చెమటలు పట్టాయి.

రాత్రి_డ్యూటీ | 2.43

మీరొక్కరే కాదు, ఈ ఉచ్చులో పడనివాళ్లు మన దగ్గర తక్కువ. లండన్‌లో చలికాలంలో ఇలా చేస్తే ఏమీ కాదు, అక్కడి టైమ్, యూటీసీ రెండూ ఒకటే. మనకు ఆ అయిదున్నర ఉంది. (82.5 డిగ్రీల రేఖాంశం మన ఆంధ్ర మీదుగా కూడా పోతుంది. మన టైమ్ దాన్ని బట్టే, ఆ పుణ్యమే ఇది.)

3వ సర్వర్‌కి ఈమధ్య ఏమైనా రిపేరు చేశారా?

పాలకేంద్రం_ఆప్స్ | 2.50

నిన్న రాత్రి 11కి మదర్‌బోర్డ్ మార్చారు. వెండర్ ఇంజనీర్ వచ్చాడు. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. కొత్త బోర్డ్‌లో తేదీ ఎక్కడో పాత సంవత్సరంలో ఉందట, ఫోన్ చూసి బయోస్‌లో (బోర్డ్ సొంత సెట్టింగుల్లో) టైమ్ సెట్ చేశాడట. అతని తప్పు అనలేను, యూటీసీ పెట్టమని మావాళ్లెవరూ చెప్పలేదు.

బూట్ అయ్యాక క్రోనీ సరిచేయాలి కదా అని చూస్తే, 'క్రోనీసీ సోర్సెస్'లో అన్ని వరుసల ముందూ ప్రశ్నార్థకం, రీచ్ 0. బోర్డ్‌తోపాటు నెట్‌వర్క్ కార్డ్ మారింది, మ్యాక్ అడ్రస్ మారింది, కొత్త ఐపీ వచ్చింది. లోడ్ బ్యాలన్సర్‌లో మార్చాం. ఫైర్‌వాల్‌లో కసాండ్రా 9042 పోర్ట్ రూల్‌లో మార్చాం. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతి) 123 పోర్ట్ రూల్‌లో మార్చడం ఎవరికీ గుర్తు లేదు.

చిన్నక్క_డీబీఏ | 2.56

రీచ్ అంటే చివరి ఎనిమిది ప్రయత్నాల్లో వేటికి జవాబొచ్చిందో. ఎనిమిదికి ఎనిమిదీ వస్తే 377 చూపిస్తుంది, అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకె. 0 అంటే ఒక్కటీ రాలేదు. ఆ ఒక్క అంకె మీద అలర్ట్ పెట్టుకుని ఉంటే నిన్న రాత్రే ఫోన్ మోగేది.

టూంబ్‌స్టోన్_తాత | 3.02

ముందు 3వ సర్వర్‌ని లోడ్ బ్యాలన్సర్‌లోంచి తీసేయండి. తర్వాతే ఫైర్‌వాల్. వరుస తప్పకండి.

పాలకేంద్రం_ఆప్స్ | 3.24

తాతగారూ, మీ పోస్ట్ చూసేసరికే నెట్‌వర్క్ టీమ్ 123 తెరిచేశారు, 3.05కి. క్రోనీ వెంటనే గడియారాన్ని అయిదున్నర గంటలు వెనక్కి దూకించింది. ఇప్పుడు 3వ సర్వర్ టైమ్ బంగారంలా ఉంది.

కానీ సమస్య పోలేదు! ఇప్పుడే వేసిన ఎంట్రీకి కూడా రైట్‌టైమ్ రాత్రి 8.35 చూపిస్తోంది. గడియారం సరిగ్గా ఉన్నా స్టాంప్ తప్పు ఎలా పడుతోంది?

టూంబ్‌స్టోన్_తాత | 3.33

అనుకున్నదే అయింది. అందుకే ముందు తీసేయమన్నాను.

జావా డ్రైవర్ ఒక నియమం పెట్టుకుంది: తాను వేసిన స్టాంప్ కన్నా తర్వాతిది ఎప్పుడూ తక్కువ కాకూడదు. గడియారం వెనక్కి పోయిందనుకోండి, చివరగా వేసినదానికి ఒక్క మైక్రోసెకన్ కలిపి వేస్తూ పోతుంది. 3.05కి గడియారం దూకకముందు మీ యాప్ వేసిన చివరి స్టాంప్ రాత్రి 8.35. నిజమైన టైమ్ వచ్చి దాన్ని అందుకునే దాకా అక్కడే అంగుళం అంగుళం జరుగుతూ ఉంటుంది. మామూలు రోజుల్లో మంచి నియమమే, చిన్న చిన్న దూకుళ్ల నుంచి కాపాడుతుంది. ఇవాళ అదే మెడకు చుట్టుకుంది.

యాప్ లాగ్‌లో 'క్లాక్ స్క్యూ డిటెక్టెడ్' అని హెచ్చరికలు వరదలా పడుతుండాలి. వెతకండి. ప్రాసెస్ రీస్టార్ట్ చేస్తే ఆ జ్ఞాపకం పోతుంది.

పాలకేంద్రం_ఆప్స్ | 3.55

ఉన్నాయి! సెకనుకొకటి. మేం ఎర్రర్ అన్న పదం మీదే వెతుకుతున్నాం, ఇవి వార్నింగులు. 3.50కి రీస్టార్ట్ చేశాను. కొత్త ఎంట్రీల స్టాంప్ సరిగ్గా ఉంది.

ఇప్పుడు పాడైన వరుసల సంగతేంటి?

చిన్నక్క_డీబీఏ | 4.10

మొదట కసాండ్రా నోడ్‌టూల్ కమాండ్‌తో స్నాప్‌షాట్ (ఇప్పటి డేటా నకలు) తీసిపెట్టుకోండి, ఇంకే పనీ చేయకముందే. ఓడిపోయిన విలువలు కొన్ని పాత ఎస్‌ఎస్‌టేబుల్స్‌లో (డిస్క్ మీది డేటా ఫైళ్లలో) మిగిలి ఉండొచ్చు, కంపాక్షన్ (ఆ ఫైళ్లను కలిపి పాతవి తీసేయడం) జరిగితే అవీ పోతాయి. మెమ్‌టేబుల్‌లోనే (డిస్క్ మీదకు పోకముందు మెమరీలోనే) ఓడిపోయినవి అప్పుడే పోయాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. దిద్దుబాట్లకు ఇంకెక్కడైనా ఆనవాలు ఉందా?

పాలకేంద్రం_ఆప్స్ | 4.16

ఆడిట్ కోసం ప్రతి దిద్దుబాటూ కాఫ్కాలోకి (మెసేజ్‌లను వరుసగా దాచే వ్యవస్థ) కూడా పోతుంది మేడమ్. అది ఉంది.

చిన్నక్క_డీబీఏ | 4.22

అయితే బతికారు. రాత్రి 8.35 దాటేదాకా ఆగండి. నిన్న 11 నుంచి ఇవాళ 3.50 దాకా వచ్చిన దిద్దుబాట్లను కాఫ్కా వరుసలోనే మళ్లీ ఆడించండి. సాయంత్రం పూట పాలన్నీ కొత్త వరుసలే, వాటికి ఇబ్బంది లేదు. ఒక జాగ్రత్త: ఆ కాఫ్కా మెసేజ్‌ల మీద టైమ్ కూడా డిఫాల్ట్‌గా పంపినవాడి గడియారందే. దాన్ని నమ్మకండి, ఆఫ్‌సెట్ (మెసేజ్ క్రమసంఖ్య) వరుసే నమ్మండి.

ఆగలేని వరుసలుంటే 'యూజింగ్ టైమ్‌స్టాంప్'తో, ఇప్పుడున్న రైట్‌టైమ్‌కి ఒక్కటి మాత్రమే కలిపి రాయండి. ఎందుకైనా మంచిదని 2030 సంవత్సరం స్టాంప్ వేసిన మహానుభావుణ్ని చూశాను. ఆ వరుస ఇప్పటికీ ఎవరి మాటా వినదు.

3వ సర్వర్ ద్వారా డిలీట్ చేసినవీ విడిగా చూసుకోండి. డిలీట్ కూడా ఒక రాతే, దాని టూంబ్‌స్టోన్ (తీసేశామన్న గుర్తు) మీదా రాత్రి స్టాంపే ఉంటుంది. బిల్లు రద్దు చేసి అదే నంబరుతో మళ్లీ వేసి ఉంటే ఆ కొత్త బిల్లు కనిపించదు, ఎర్రర్ కూడా రాదు.

కుతూహలం_కుర్రాడు | 4.47

ఒక సందేహం, నవ్వకండి. ఎన్‌టీపీ లేకపోతే గడియారం నిజంగా అంత తప్పు పోతుందా? నా ఫోన్, గోడ గడియారం నెలల తరబడి బాగానే ఉంటున్నాయి.

రాత్రి_డ్యూటీ | 5.05

ఫోన్ బాగా ఉండేది నెట్‌వర్క్ సరిచేస్తూ ఉంటుంది కాబట్టి. గోడ గడియారాన్ని నిమిషాల్లో చూస్తావు, అందుకే బాగున్నట్టుంటుంది. సర్వర్‌లో ఉండేదీ క్వార్ట్జ్ స్ఫటికమే. పదిలక్షల్లో ఒక వంతు తేడా ఉంటే రోజుకు 86.4 మిల్లీసెకన్లు. మామూలు బోర్డ్‌లో ఇది పదుల్లో ఉంటుంది. పదిలక్షలకు 50 అనుకో, రోజుకు నాలుగు సెకన్ల పైనే. వేడికి మారుతుంది కూడా. ఏసీ ఆగిన రోజున క్రోనీలో ఫ్రీక్వెన్సీ గీత వంగడం నేను కళ్లారా చూశాను.

ఇక ఎన్‌టీపీ ఏమీ మంత్రం కాదు. అడిగాను, జవాబొచ్చింది, పోను రాను పట్టిన టైమ్‌లో సగం పోవడానికి, సగం రావడానికి అనుకుంటుంది. పోవడానికి 40 మిల్లీసెకన్లు, రావడానికి 10 పడితే 15 మిల్లీసెకన్ల తప్పు లోపలికి వచ్చేస్తుంది, అది దానికి తెలియదు కూడా. తర్వాత డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ 1985 నాటికే మొదలుపెట్టిన పని ఇది. ఈ ఏడాది జనవరిలోనే పోయారాయన. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ సగం-సగం లెక్క మీదే అందరం నడుస్తున్నాం.

ఇంకో లెక్క సరదాకి. పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ గడియారాన్ని దూకించకుండా మెల్లగా జరిపితే సెకనుకు అర మిల్లీసెకనే జరుపుతుంది. ఒక్క సెకన్ సరిచేయడానికి 33 నిమిషాలు. పాలకేంద్రం గారి 19800 సెకన్లు అలా జరపాలంటే ఏడాదీ మూడు నెలలు. అసలు నడుస్తుండగా 1000 సెకన్లు దాటిన తేడా కనిపిస్తే అది దండం పెట్టి తప్పుకుంటుంది. క్రోనీ మామూలు సెటప్‌లో మొదటి మూడు అప్‌డేట్లలో తేడా ఒక సెకన్ దాటితే దూకిస్తుంది, ఆ తర్వాత మెల్లగా జరుపుతుంది. నిన్నటి నుంచి ఒక్క అప్‌డేటూ రాలేదు కాబట్టి ఆ మూడూ అలాగే మిగిలి ఉన్నాయి, ఇవాళ 3.05కి తలుపు తీయగానే దూకింది.

చిన్నక్క_డీబీఏ | 5.20

నాకు కసాండ్రా మీద ఉన్న కోపం ఒక్కటే, నోరెత్తదు. హెచ్‌బేస్ డేటాబేస్‌లో రీజియన్ సర్వర్ (డేటా దాచేది) గడియారం మాస్టర్‌తో 30 సెకన్లు తేడా ఉంటే లోపలికే రానివ్వదు. సెఫ్ స్టోరేజ్‌లో మానిటర్ల మధ్య 0.05 సెకన్ దాటగానే హెచ్చరిక పసుపు రంగులో మెరుస్తుంది. కాక్రోచ్‌డీబీ డేటాబేస్‌లో డిఫాల్ట్ హద్దు 500 మిల్లీసెకన్లు. సగం నోడ్‌లతో పోల్చి అందులో 80 శాతం, అంటే 400 దాటితే ఆ నోడ్ తనంతట తానే పడిపోతుంది. అర్ధరాత్రి పేజర్ మోగుతుంది, తిట్టుకుంటాం, కానీ డేటా తప్పు పోదు. కెర్బెరోస్ (లాగిన్ పద్ధతి) ఉన్నచోట అయిదు నిమిషాల తేడా దాటితే లాగిన్ ఉండదు, అదీ ఒకరకంగా కాపలాయే. ఇక్కడ అయిదున్నర గంటలు తేడా ఉన్నా 'సేవ్ అయింది' అని చిరునవ్వు.

అందుకే మా దగ్గర స్టాంప్ సర్వర్ వైపే వేయమని డ్రైవర్‌కి చెప్పేశాం. నలభై యాప్ సర్వర్ల గడియారాలకు కాపలా కాయడం కన్నా ఆరు నోడ్‌లకు కాయడం తేలిక.

టూంబ్‌స్టోన్_తాత | 5.38

అక్కడే మనిద్దరికీ పడదు అమ్మా. సర్వర్ వైపు వేస్తే ఒకే యాప్ వెంటవెంటనే రాసిన రెండు రాతలు రెండు కోఆర్డినేటర్ల (రాతను అందుకునే నోడ్‌ల) మీద పడొచ్చు. రెండో నోడ్ రెండు మిల్లీసెకన్లు వెనక ఉంటే రెండో రాత ఓడిపోతుంది. డ్రైవర్ వేస్తే కనీసం ఒక యాప్ లోపల వరుస చెడదు. డ్రైవర్ స్టాంప్ డిఫాల్ట్‌గా ఉండటానికి కారణం ఉంది.

చిన్నక్క_డీబీఏ | 5.44

మా పనిలో ఒకే వరుసను రెండు మిల్లీసెకన్ల తేడాలో రెండుసార్లు రాయడం అన్నదే లేదు. పాలకేంద్రం గారికీ ఉండదు, మనిషి చేత్తో దిద్దే పని. ఎవరి పనిని బట్టి వాళ్లు ఎంచుకోవాలి. మీరు డిఫాల్ట్‌ని వేదంలా పట్టుకుంటారు తాతగారూ.

టూంబ్‌స్టోన్_తాత | 5.46

వేదం అనలేదు. కారణం ఉంది అన్నాను.

డల్లాస్_నుంచి | 6.12

ఇక్కడ ఇంకా పొద్దున 7.42, కాఫీతో మొత్తం చదివాను. మా దగ్గర ట్రేడింగ్ సిస్టమ్స్, అన్నిచోట్లా పీటీపీ (ఎన్‌టీపీ కన్నా కచ్చితంగా టైమ్ కలిపే పద్ధతి), నెట్‌వర్క్ కార్డ్‌లోనే హార్డ్‌వేర్ స్టాంప్. యూరప్ నిబంధనల్లో 2018 నుంచి హై ఫ్రీక్వెన్సీ ట్రేడింగ్‌కి యూటీసీతో 100 మైక్రోసెకన్లు దాటకూడదు. మీరూ పీటీపీకి మారితే ఈ గొడవలుండవు.

రాత్రి_డ్యూటీ | 6.20

పాల ఫ్యాట్‌కి పీటీపీ ఎందుకండీ బాబూ. ఆయన సమస్య మైక్రోసెకన్లు కాదు, 123 పోర్ట్. పీటీపీ పెట్టినా ఆ ఫైర్‌వాల్ ఫారం నింపడం మర్చిపోయేవాళ్లే.

డల్లాస్_నుంచి | 6.31

హహ, ఒప్పుకుంటాను. కానీ ఒక మాట మాత్రం పనికొస్తుంది. 'టైమ్ ఎంత?' అని మాత్రమే అడగకండి, 'ఎంత వరకు తప్పు ఉండొచ్చు?' అని కూడా అడగండి. గూగుల్ 2012లో తన స్పానర్ డేటాబేస్ గురించి చెప్పినప్పుడు నన్ను కదిలించింది జీపీఎస్, అణు గడియారాలు కాదు. వాళ్ల టైమ్ ఏపీఐ ఒక అంకె ఇవ్వదు, రెండు అంకెలిస్తుంది: నిజమైన టైమ్ ఈ రెండింటి మధ్య ఉంది అని. ఆ రోజుల్లో ఆ తప్పు 1 నుంచి 7 మిల్లీసెకన్ల మధ్య ఊగేది. కమిట్ చేసేముందు ఆ కాస్త సేపూ ఆగుతుంది, అంతే.

ఆ రెండో అంకె మీ క్రోనీలోనూ ఉంది. రూట్ డిలేలో (మూల గడియారం దాకా పోను రాను పట్టే టైమ్) సగం, దానికి రూట్ డిస్పర్షన్ (దారిలో పోగైన తప్పు అంచనా), ఆ పైన ఇప్పటి ఆఫ్‌సెట్ (గడియారం తేడా) కలపండి. తప్పు అంతకు మించదని క్రోనీ లెక్క. నేనైతే అలర్ట్ దాని మీదే పెడతాను.

రాత్రి_డ్యూటీ | 6.48

ఇది మంచి మాట. నేను ఇంకోటి కూడా పెడతాను: ప్రొమీథియస్‌లో (సర్వర్ల మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్) ప్రతి సర్వర్ చెప్పిన టైమ్‌లోంచి, దాన్ని స్క్రేప్ చేసిన (అడిగి తెచ్చుకున్న) టైమ్ తీసేసి ఒక గ్రాఫ్. క్రోనీ సొంతంగా ఏమనుకుంటోందో దాంతో సంబంధం లేదు, బయటినుంచి చూస్తే ఎలా ఉందో తెలుస్తుంది. ఒకే గీత మీద అందరూ ఉంటారు, ఒకడు 19800 దగ్గర వేలాడుతుంటాడు. చూపు తప్పదు.

టైమ్ సోర్సులు నాలుగు పెట్టండి. రెండు మాత్రం పెట్టకండి. ఇద్దరు సాక్షులు చెరో మాట చెబితే ఎవరిని నమ్మాలో తెలియదు, దానికన్నా ఒకటే నయం. మూడుంటే ఒకడు అబద్ధమాడినా పట్టుకోవచ్చు, నాలుగుంటే ఒకటి పడిపోయిన రోజున కూడా పట్టుకోవచ్చు. 2012 నవంబర్‌లో అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ సర్వర్లే కాసేపు 2000 సంవత్సరం చెప్పాయి. ఇక మన దేశంలో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశం ప్రకారం ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఢిల్లీలోని ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్‌కి ముడిపడి ఉండాలి. మీ సొంత ఎన్‌టీపీ సర్వర్లు రెండుమూడు పెట్టి, వాటిని అక్కడికి కట్టి, మిగతావన్నీ వీటిని అడిగేలా చేస్తే ఫైర్‌వాల్ తలనొప్పి కూడా తగ్గుతుంది. ఎన్‌టీపీ ఫైర్‌వాల్ రూల్ ఒక్కో ఐపీకి కాకుండా మొత్తం సబ్‌నెట్‌కి రాయించండి. ఇవాళ మీ కొంప ముంచింది అదే.

కుతూహలం_కుర్రాడు | 7.02

లీప్ సెకన్ గురించి ఎవరూ చెప్పలేదేం?

రాత్రి_డ్యూటీ | 7.15

చెప్పకూడదనుకున్నా, అడిగావు కాబట్టి. లీప్ సెకన్ అంటే భూమి తిరిగే వేగంతో సరిపోవడానికి యూటీసీకి అప్పుడప్పుడు కలిపే ఒక సెకన్. 2012 జూలై 1, ఆదివారం. యూటీసీలో జూన్ 30 అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారి 5.30. నైట్ షిఫ్ట్ దిగబోతున్నా, టీ కూడా చెప్పేశాను. ఒక్కసారిగా జావా నడుస్తున్న సర్వర్లన్నీ సీపీయూ నూరు శాతం. డిస్క్ మీద పనేం లేదు, నెట్‌వర్క్‌లో ఏం లేదు, ఫ్యాన్లు మాత్రం విమానంలా అరుస్తున్నాయి. లినక్స్ కెర్నల్‌లో టైమర్ల లెక్క ఒక సెకన్ తప్పి, నిద్రపోవాల్సిన త్రెడ్లు వెంటవెంటనే లేస్తున్నాయని తర్వాత తెలిసింది. ఆ రోజు రెడిట్ కూడా పడిపోయింది. మందు ఏంటో తెలుసా? డేట్ కమాండ్‌తో ఇప్పటి టైమ్‌ని ఇప్పటి టైమ్‌కే మళ్లీ సెట్ చేయడం. చేయగానే ఫ్యాన్లు చల్లబడ్డాయి. పొద్దున 9కి ఇల్లు చేరాను, టీ తాగలేదు.

చివరిది 2016 డిసెంబర్ 31న. 1972 నుంచి మొత్తం 27. 2035 లోపు ఈ పద్ధతి ఆపేద్దామని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ సదస్సులో తీర్మానించారు. నువ్వు అదృష్టవంతుడివి, ఒక్కటీ చూడకుండానే రిటైరవుతావేమో.

పాలకేంద్రం_ఆప్స్ | రాత్రి 9.26

అందరికీ దండాలు. 7.41కి ఊరుకోలేక నా టెస్ట్ ఎంట్రీ దిద్ది చూశాను, అతుక్కుంది. 8.36కి కాఫ్కా నుంచి ఆడించడం మొదలుపెట్టాం. 214 దిద్దుబాట్లు, అన్నీ సరిపోయాయి. చిన్నక్క గారు అన్నట్టే రద్దు చేసి మళ్లీ వేసిన బిల్లులు మూడు మాయమై ఉన్నాయి, వాటిని కేంద్రాలకు ఫోన్ చేసి కాగితం రసీదు చూసి ఎక్కించాం. ఆ 6.3 రైతుకు తేడా డబ్బులు రేపటి బిల్లులో కలుస్తాయి.

బోర్డ్ మార్చాక చేయాల్సిన పనుల జాబితాలో రెండు వరుసలు కలిపాను: బయోస్ టైమ్ యూటీసీ, క్రోనీలో రీచ్ 377 అయ్యాకే లోడ్ బ్యాలన్సర్‌లోకి. స్టాంప్ సర్వర్ వైపా, డ్రైవర్ వైపా అన్నది సోమవారం మా టీమ్‌లో మాట్లాడుకుంటాం. తాతగారూ, చిన్నక్క గారూ, మీ ఇద్దరి పోస్టులూ ప్రింట్ తీసుకెళ్తున్నా.

కొత్తగా_చేరాను | రాత్రి 11.48

నమస్తే, ఎప్పుడూ చదవడమే, ఇదే మొదటి పోస్ట్. ఇది చదివి ఊరికే మా సర్వర్లలో డేట్ కొట్టి చూశాను. పన్నెండులో ఒకటి 23:44 అని చూపిస్తోంది. చివర యూటీసీ అని ఉంది. నా ఫోన్‌లో కూడా 11.44. మా సీనియర్‌కి ఫోన్ చేయనా?

టూంబ్‌స్టోన్_తాత | రాత్రి 11.51

ముందు దాన్ని లోడ్ బ్యాలన్సర్‌లోంచి తీయించు. తర్వాత స్నాప్‌షాట్. గడియారం ముట్టుకోకు. ఫోన్ ఇప్పుడే చెయ్యి.